కారు స్టీరియో మార్చేముందు: డిజిటల్ రేడియోనా, ఎఫ్ఎమ్మా? రాయగడ దారిలో తేలిన సంగతి

పోయిన ఏడాది మా కారు స్టీరియో మూగబోయింది. పన్నెండేళ్లు పాడింది, దాన్నేం అనలేం. సరిగ్గా అప్పుడే లండన్‌లో ఉండే మా బావమరిది సెలవులకి వస్తూ, "బావా, నువ్వు కొనకు, నేను తెస్తున్నా" అన్నాడు. తెచ్చాడు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో డీఏబీ ప్లస్ డిజిటల్ రేడియో అని ఉంది. ఒడిశా సరిహద్దులో ఉండే మా రాయగడలో డిజిటల్ రేడియో ఉన్న మొదటి కారు మనదేనేమో అని ఇంట్లో ఒకటే హడావిడి.

షాపు కుర్రాడు సెట్ బిగించాడు. ముందు అద్దానికి లోపలివైపు ఇంకో చిన్న యాంటెన్నా అతికించి, స్టేషన్లు వెతకమని బటన్ నొక్కాడు. తెర మీద గీత ఈ చివర నుంచి ఆ చివరకి నింపాదిగా పాకింది. దొరికినవి సున్నా. "షెడ్డు కింద ఉన్నాం కదా బాబాయ్, అందుకే" అని కారు రోడ్డు మీదకి తీశాడు. సున్నా. మజ్జిగౌరి గుడి దాకా వెళ్లి, అమ్మవారికి దండం పెట్టుకుని మరీ వెతికాం. అక్కడా సున్నానే.

రాయగడ అనే కాదు, ఆ కారుని హైదరాబాద్ తీసుకెళ్లినా అంతే. డీఏబీ అనేది యూరప్ వాళ్లు ఎక్కువగా వాడే పద్ధతి. నార్వే 2017లో జాతీయ స్టేషన్లని ఎఫ్ఎం నుంచి తీసేసి పూర్తిగా డీఏబీకి మార్చేసింది. స్విట్జర్లాండ్ ప్రభుత్వ రేడియో 2024 ఆఖరుకి ఎఫ్ఎం ఆపేసింది. బ్రిటన్‌లో రెండూ నడుస్తున్నాయి. అక్కడ కారు కొనేవాడు డీఏబీ ఉందా అని అడగడంలో అర్థం ఉంది. మన దేశంలో మామూలు శ్రోతల కోసం డీఏబీ ప్రసారాలే లేవు. అమెరికా నుంచి తెచ్చే సెట్ల మీద కనిపించే హెచ్‌డీ రేడియో సంగతీ అంతే. పెట్టె మీద డిజిటల్ అన్న మాట ఒకటే, లోపల భాషలు మాత్రం వేరు వేరు. ఒక భాష వచ్చిన సెట్‌కి ఇంకోటి రాదు.

మన ఆకాశవాణి ఎంచుకున్న డిజిటల్ పద్ధతి పేరు డీఆర్ఎం. మీడియం వేవ్ మీద 35 ట్రాన్స్‌మిటర్లని దానికి సిద్ధం చేశారు. తెలుగువాళ్లకి సంబంధించి అందులో ఉన్నవి హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. విశాఖ లేదు, జయపురం లేదు. రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు ఉండే మనకి విజయవాడ పగటిపూట అందేంత దగ్గర కాదు. 2017 నుంచి మారుతి, హ్యుందాయ్ లాంటి కంపెనీల కొన్ని మోడళ్లలో డీఆర్ఎం ఉన్న రేడియో ఫ్యాక్టరీలోనే బిగించి వస్తోంది. చాలామంది ఓనర్లకి ఆ సంగతే తెలీదు. విడిగా కొనే స్టీరియోల్లో డీఆర్ఎం ఉన్నది మాత్రం మా ఊరి షాపుల్లో నాకు ఒక్కటీ కనబడలేదు.

మరి రేపటి మాటేంటి అంటారా? ప్రైవేటు రేడియోలకి డిజిటల్ విధానం ఎలా ఉండాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో సిఫార్సులు ఇచ్చింది. దేశమంతటికీ ఒకటే టెక్నాలజీ ఉండాలనీ, ముందు 4 మహానగరాలు, తర్వాతి వరసలోని 9 నగరాలతో మొదలుపెట్టాలనీ చెప్పింది. ఆ తొమ్మిదిలో హైదరాబాద్, నాగ్‌పూర్ ఉన్నాయి. విశాఖ లేదు, ఇక మన సంగతి చెప్పేదేముంది. ఇంకోపక్క 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ కొత్తగా 234 పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో విజయనగరం, శ్రీకాకుళం ఉన్నాయి. అంటే మనవైపు రాబోయేది ఏదైనా ఉంటే అది మామూలు ఎఫ్ఎమ్మే. ఎప్పుడో వచ్చే డిజిటల్ కోసం ఇప్పుడు సెట్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం, పుట్టని పిల్లాడికి చొక్కా కుట్టించినట్టే.

రెండింటికీ వినడంలో తేడా ఏంటో కూడా చెప్పాలి, ఎందుకంటే బావమరిదితో నాకు దాని మీద గంటసేపు వాదన నడిచింది. డిజిటల్‌లో గరగర ఉండదు. పాట పేరు, వార్తల హెడ్డింగు తెర మీద వస్తాయి. ఒకే ఫ్రీక్వెన్సీ మీద మూడు నాలుగు ఛానళ్లు ఇరికించొచ్చు. అవన్నీ నిజమే. కానీ సిగ్నల్ ఒక హద్దు దాటి తగ్గిందా, డిజిటల్ ఠక్కున ఆగిపోతుంది. ఫోను లైను కట్ అయినట్టే. ఎఫ్ఎం అలా కాదు. అది మనింటికి వచ్చిన చుట్టం లాంటిది. వెళ్లొస్తానని లేచాక కూడా గుమ్మం దగ్గర ఇంకో అరగంట మాట్లాడుతుంది. గరగర మొదలవుతుంది, రెండు స్పీకర్ల స్టీరియో శబ్దం పోయి ఒకటే శబ్దంగా మోనోలోకి దిగుతుంది, ఒక మలుపులో పోయి ఇంకో మలుపులో తిరిగొస్తుంది. కొండ దారుల్లో తిరిగే మాకు ఆ పట్టూ విడుపే నయం. బావమరిది మాత్రం ఒప్పుకోలేదు, "గరగర వినడం కంటే ఆగిపోవడమే మేలు బావా" అన్నాడు. అతని కారు మా సుంకి ఘాట్ రోడ్డు ఎక్కదు కదా.

ఇక మన దారి. రాయగడ నుంచి కునేరు, పార్వతీపురం, బొబ్బిలి, రామభద్రపురం, గజపతినగరం మీదుగా విశాఖ. ఆసుపత్రికో, పిల్లల కాలేజీకో, పెళ్లి బట్టలకో నెలకి ఒకసారైనా తప్పదు. వెళ్లేటప్పుడు సగం దారి దాటేదాకా తెలుగు ఎఫ్ఎం ఊసే ఉండదు. విజయనగరం చేరువయ్యేసరికి 102 మీద ఆకాశవాణి రెయిన్‌బో, ప్రైవేటువి 98.3, 93.5, 92.7 ఒక్కొక్కటే గొంతు సవరించుకుంటాయి. కోరాపుట్, పొట్టంగి వైపు నుంచి సాలూరు దిగేవాళ్లదీ ఇదే కథ, పైగా వాళ్లకి కొండలు ఎక్కువ. ఎఫ్ఎం తరంగం చూపు పోయినంత మేరే పోతుంది, తూర్పు కనుమలు అడ్డం వస్తే అక్కడితో సరి. అందుకే మా నాన్నగారి రోజుల్లో ఈ ప్రాంతంలో రేడియో అంటే మీడియం వేవే. అది నేల పట్టుకుని కొండ వెనక్కి కూడా వస్తుంది. 927 మీద విశాఖ, 1467 మీద జయపురం. పొద్దున్నే ఒకవైపు తెలుగు వార్తలు, ఇంకోవైపు ఒడియా పాటలు, ముల్లు అటూ ఇటూ తిప్పడం పిల్లలుగా మా పని.

ఈ కారణం చేత స్టీరియో కొనేటప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న డిజిటల్ ఉందా అని కాదు, మీడియం వేవ్ ఉందా అని. చవక ఆండ్రాయిడ్ సెట్లలో చాలావాటికి ఎఫ్ఎం ఒక్కటే ఉంటోంది. ఏఎం (అంటే మీడియం వేవే) అని పెట్టె మీద రాసి ఉన్నా షాపులో పెట్టించి వినండి. నగరంలో ఉండేవాడికి ఇది పట్టింపు కాకపోవచ్చు, మనకి పట్టింపే.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం, కానీ దాన్ని ఎవరూ అడగరు. మా ఎదురింటి మాస్టారు ఆన్‌లైన్‌లో పెద్ద తెర సెట్ తెప్పించుకున్నారు. విశాఖ వెళ్లొచ్చి, "అన్ని స్టేషన్లూ వస్తున్నాయి, ఆ 102 ఒక్కటే గీరుకుపోయినట్టు వస్తోంది. స్టేషన్ పాడైందా?" అన్నారు. స్టేషన్ నిక్షేపంగా ఉంది. నేను వెళ్లి చూస్తే ఆయన సెట్ 101.9 మీద ఆగుతోంది, బటన్ నొక్కితే 102.1కి దూకుతోంది. మధ్యలో 102.0 అన్న నంబరే దానికి లేదు! సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే రేడియో ప్రాంతం అమెరికా అని ఉంది. అక్కడ ఎఫ్ఎం స్టేషన్లన్నీ చుక్క తర్వాత బేసి అంకెలతోనే ఉంటాయి, అందుకని సెట్ 0.2 చొప్పున అడుగు వేస్తుంది. 98.3, 93.5, 92.7 బేసివే కాబట్టి దొరికాయి. మీడియం వేవ్‌లో అయితే ఇంకా ఘోరం. అమెరికా అడుగు 10 కిలోహెర్ట్జ్, మనది 9. 927, 1467 రెండూ 9తో భాగించబడే అంకెలు. 10 చొప్పున దూకే సెట్ 1460 మీద ఆగి 1470కి వెళ్తుంది, జయపురం గడప దాటిపోతుంది. ప్రాంతాన్ని ఆసియాకో యూరప్‌కో మార్చగానే మాస్టారి సెట్ 102 మీద చక్కగా నిలబడింది. ఆయన ముఖంలో ఆనందం చూడాలి. బావమరిది తెచ్చిన సెట్‌లో యూరప్ అడుగులే కాబట్టి ఆ విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. డీఏబీ పనికిరాకపోయినా మిగతా రేడియో భేషుగ్గా ఉంది, అబద్ధమెందుకు.

పాత జపాన్ కార్ల నుంచి ఊడదీసిన సెట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలై మన బ్యాండ్ సగం చేరకుండానే ఆగిపోతుంది. సెట్టింగ్ మార్చినా చాలావాటికి 108 దాకా వెళ్లడం రాదు.

ఇప్పుడు నన్ను మూడు వారాలు తిప్పిన సంగతి. కొత్త సెట్ పెట్టాక విశాఖలో ఎఫ్ఎం బ్రహ్మాండంగా వచ్చింది. తిరుగు ప్రయాణంలో విజయనగరం దాటీ దాటకముందే అన్నీ మాయం. పాత సెట్ గజపతినగరం దాకా ఎలాగోలా లాక్కొచ్చేది. సెట్ నాసిరకం అనుకున్నాను, బావమరిదికి ఫోన్ చేసి నాలుగు మాటలు కూడా అన్నాను. చివరికి మా షాపు కుర్రాడే సెట్ బయటికి లాగి, వెనక వైర్ల గుత్తిలో టేపు చుట్టి వదిలేసిన ఒక నీలం వైరు చూపించాడు. మా కారు పైకప్పు మీద ఉండేది పొట్టి యాంటెన్నా. పొట్టిది కాబట్టి దాని మొదట్లోనే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి 12 వోల్టుల కరెంటు కావాలి. ఫ్యాక్టరీ సెట్ ఆ కరెంటు ఇచ్చేది. కొత్త సెట్‌లో ఆ పని నీలం వైరుది. బిగించిన రోజు దాన్ని ఎక్కడా కలపలేదు. ఆంప్లిఫయర్ నిద్రపోతోంది. ఊళ్లో ఉన్నంతసేపూ సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి తెలియదు, ఊరు దాటగానే బయటపడుతుంది. "నేనే మర్చిపోయాను బాబాయ్" అని నాలిక కరుచుకున్నాడు. యాంటెన్నా అడాప్టర్‌కి ఉన్న తీగకి నీలం వైరు కలిపి టేపు చుట్టాడు. రెండు నిమిషాల పని. బావమరిదికి మళ్లీ ఫోన్ చేయడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

వైర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది. ఆ రెండూ తారుమారైతే కారు ఆపిన ప్రతిసారీ గడియారం, దాచుకున్న స్టేషన్లు చెరిగిపోతాయి. ఫ్యాక్టరీ వైర్లని మాత్రం కోయనివ్వకండి. మీ మోడల్‌కి సరిపోయే కప్లర్, అంటే కోయకుండా గుచ్చుకునే ప్లగ్గు, కొన్ని వందల్లో దొరుకుతుంది. కొత్త కారైతే వైరు కోస్తే వారంటీతో పేచీ, పాతదైతే రేపు సెట్ మార్చేటప్పుడు ఏ రంగు ఎక్కడిదో తెలియక తలనొప్పి.

సైజు సంగతి త్వరగా చెప్పేస్తాను. డాష్‌బోర్డులో గూడు ఎత్తు 50 మిల్లీమీటర్లుంటే సింగిల్ డిన్, 100 ఉంటే డబుల్ డిన్. వెడల్పు రెండింటికీ 180. తొమ్మిదంగుళాల తెరలకి మీ మోడల్ ఫ్రేము విడిగా కావాలి. పెట్టె మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని ఉంటే నవ్వి ఊరుకోండి. బండి నడిచేటప్పుడు ఉండేది 14 వోల్టుల పైచిలుకు. దానితో 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రంగా ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 25 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆరెమ్మెస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే వాట్లు, ఎంతో అడగండి, అసలు అంకె అదే.

ఇక ఏది కొనాలి? నా అభిప్రాయం సూటిగా చెప్తాను.

ఘాట్ రోడ్డులో రేడియోకి అసలు పోటీ డిజిటల్ రేడియో కాదు, పెన్‌డ్రైవ్. ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకుంటే ఆకాశవాణి తెలుగు స్టేషన్లు భువనేశ్వర్‌లో కూర్చుని కూడా వినొచ్చు. 64 కిలోబిట్ల ప్రసారమైతే గంటకి 30 ఎంబీ లోపే ఖర్చు. నిజానికి మనలాంటి సరిహద్దు వాళ్లకి డిజిటల్ రేడియో అంటే ఇదే. కానీ సుంకి మలుపుల్లో ఎఫ్ఎం పోయినట్టే ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. అప్పుడు పాడేది 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటే. ఫ్యాట్ 32 ఫార్మాట్‌లో పెట్టుకోండి, వేరేవాటిని చాలా సెట్లు చదవలేక తెల్లముఖం వేస్తాయి.

అందుకని పాత కారు, గూడు చిన్నది అంటే పేరున్న కంపెనీ సింగిల్ డిన్, బ్లూటూత్, యూఎస్‌బీ, మీడియం వేవ్ ఉన్నది చాలు. మా ఊళ్లో నేను అడిగినప్పుడు 3 వేల నుంచి 6 వేల మధ్య చెప్పారు. ఇలాంటి సెట్లలో స్టేషన్లు పట్టే ట్యూనర్ పెద్ద తెరల చవక సెట్ల కంటే దూరపు స్టేషన్లని బాగా పట్టడం నేను చూశాను. లారీ, బొలేరో నడిపేవాళ్లకి ఇంకోటి చెప్పను కూడా చెప్పను. తెర కావాలి, మ్యాపు కావాలి అంటే ఫోన్‌ని సెట్ తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్న కంపెనీ డబుల్ డిన్ మంచిది. తెలివంతా ఫోన్‌లో ఉంటుంది కాబట్టి సెట్ త్వరగా పాతబడదు. చవక ఆండ్రాయిడ్ సెట్ కొనేవాళ్లని నేను వద్దనను, మా మాస్టారు హాయిగానే వాడుకుంటున్నారు. కాకపోతే 2 జీబీ ర్యామ్‌ది కొంటే ఏడాదికే నత్తలా నడుస్తుంది, 4 జీబీ ఉంటే కాస్త నయం. ట్యూనర్ చిప్ ఏదని అడగండి. ఎన్ఎక్స్‌పీ వాళ్ల టీఈఎఫ్ 6686 అంటే అది మంచిది. షాపువాడికి ఆ పేరు తెలియకపోతే వేరే సంగతి.

మీ కారులో ఫ్యాక్టరీ డీఆర్ఎం రేడియో ఉంటే పెద్ద తెర మోజులో తీసి పారేయకండి. మనవైపు డీఆర్ఎం అందకపోయినా అందులో మీడియం వేవ్ ఉంటుంది. తీసినా అటక మీద దాచండి, కారు అమ్మేటప్పుడు అడుగుతారు.

ఒకవేళ మీ పాత సెట్‌లో సీడీ మాత్రమే పోయి రేడియో బతికే ఉంటే అసలు కొత్తదే అక్కర్లేదు. సిగరెట్ లైటర్‌లో గుచ్చే బ్లూటూత్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఐదారు వందలకి వస్తుంది. ఫోన్ పాటని చిన్న ఎఫ్ఎం స్టేషన్‌లా చేసి మీ రేడియోకే వినిపిస్తుంది. విశాఖలో ఇది విసిగిస్తుంది, బ్యాండంతా నిండి ఉంటుంది కాబట్టి ఎవరో ఒకరు మీద పడతారు. మనవైపు బ్యాండ్ ఖాళీగా ఉంటుంది, ఎక్కడ పెట్టినా పలుకుతుంది. స్టేషన్లు లేకపోవడం వల్ల మనకి కలిసొచ్చినది బహుశా ఇదొక్కటే.

ఆఖరుగా, బిగించాక షాపులోంచి వెంటనే బయటపడకండి. దూరపు స్టేషన్ ఏదో ఒకటి, గరగరతో వచ్చేదే పెట్టండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయండి, హెడ్‌లైట్లు వేయండి, ఫోన్ ఛార్జర్ గుచ్చండి, డాష్‌క్యామ్ ఉంటే అదీ ఆన్ చేయండి. ఒక్కోటి వేసినప్పుడు గరగర పెరిగిందా వినండి. మా కారులో దొంగ చవక ఛార్జర్ అని తేలింది, దాన్ని పీకేస్తే స్టేషన్ తేటపడింది. మీ దగ్గరా అలాంటిదేదైనా బయటపడితే కుర్రాడి ఎదురుగానే సరిచేయించుకుని, నీలం వైరు కలిపాడో లేదో ఇంకోసారి అడిగి, అప్పుడు డబ్బులివ్వండి.